బాధ్యత అంగీకరించని క్షమాపణ

మిక్లింగ్‌హామ్ పురపాలక సంఘం సెప్టెంబరు మొదటి సోమవారంనాడు ఒక ప్రకటన వెలువరించింది. ఇకపై పట్టణ పరిధిలో ఏ వస్తువూ పైనుంచి కిందకు పడరాదు.

ప్రకటన పదకొండు పేజీలున్నా సారం ఇంతే. ఆకులకు అక్టోబరు నెలాఖరు దాకా గడువిచ్చారు. వాన విషయం వేరే ఉత్తర్వులో తెలియజేస్తామన్నారు. అడుగున ముందుజాగ్రత్తల ముఖ్యాధికారి శ్రీ డెస్మండ్ పర్కిస్ గారి సంతకం, ఆ సంతకం కింద, సిరా ఆరేదాకా తాకవద్దని హెచ్చరిక ఉన్నాయి.

జరిగిన ప్రమాదాలకు విచారించేవారు లోకంలో చాలామంది. జరగబోయే ప్రమాదాలను ముందే పసిగట్టేవారు కొద్దిమంది. జరగనివీ, జరగబోనివీ అయిన ప్రమాదాలను సైతం దర్శించగల దృష్టి మాత్రం, ఆ పట్టణం చేసుకున్న పుణ్యమా అని, పర్కిస్ గారికే అబ్బింది. అంతకు ముందటేడు ఒక యువకుడు చెస్ట్‌నట్ చెట్టు కిందుగా నడిచివెళ్ళి, ఇల్లు చేరాక, తన నెత్తిమీద ఒక్క కాయ కూడా పడలేదని గ్రహించాడు. పడి ఉంటే ఏమయ్యేదోనన్న తలపు అతణ్ణి పద్నాలుగు రోజులు మంచం దిగనివ్వలేదు. వకీలు ఉత్తరం రాశాడు. సంఘం పరిహారం చెల్లించింది. ఆనాటినుంచి పర్కిస్ గారు తల పైకెత్తి నడవడం అలవాటు చేసుకున్నారు.

పట్టణంలోని చెట్లన్నిటికీ సర్వే జరిగింది. కొట్టవలసినవాటి జాబితాలో, "కౌస్లిప్ లేన్, తొమ్మిదో నంబరు, బేరి చెట్టు, ఒకటి" అని ఒక పద్దు చేరింది.

తొమ్మిదో నంబరు ఇంట్లో ఉండేది క్లారెన్స్ టిమ్స్. గడియారాలు బాగుచేసే దుకాణం నలభై ఏళ్ళు నడిపి, చూపు మందగించాక మూసేసిన మనిషి. డెబ్బైమూడేళ్ళు. ఒంటరి. ఆ ఇంటికి బేరి చెట్లు రెండు. ఒకటి ముందువైపు వీధిలో, సంఘానికి చెందినది, కొమ్మలు బస్టాపు మీదకు వంగినది. సర్వే చేసినవారి ఉద్దేశంలో ఉన్నది ఆ చెట్టు. రెండోది వెనకవైపు పెరట్లో, నాలుగు గోడల నడుమ, టిమ్స్ భార్య హెస్టర్ కాపురానికి వచ్చిన ఏడు నాటినది. హెస్టర్ పోయి ఆరేళ్ళయింది. చెట్టు మాత్రం మానకుండా కాస్తూనే ఉంది. ఆ పళ్ళను టిమ్స్ పంచదార పాకంలో ఉడికించి, సీసాలకు ఎత్తి, కొన్ని కోతల పండుగకు చర్చిలో సమర్పించి, మిగిలినవి చలికాలమంతా ఆదివారపు భోజనం తరవాత కస్టర్డ్‌తో తినేవాడు. రెండు చెంచాలు బల్లమీద పెట్టుకునే అలవాటు ఆయనకింకా పోలేదు.

బుధవారం ఉదయం ముగ్గురు మనుషులు రంపాలతో వచ్చి వీధిలోని చెట్టును పరీక్షించారు. నిచ్చెన వేయాలంటే బస్సులు ఆపాలి. బస్సులు ఆపాలంటే అనుమతి కావాలి. అనుమతి రావాలంటే రోడ్డు మధ్యన నిలబడి కొలతలు తీయాలి. రోడ్డు మధ్యన నిలబడటం పర్కిస్ గారి నాలుగో ఉత్తర్వు ప్రకారం నిషిద్ధం. కనుక ఆ చెట్టు కొట్టడానికి వీల్లేనంత ప్రమాదకరమైనదని వారు నిర్ణయించారు. ఉత్తర్వులో ఉన్నది బేరి చెట్టు, ఒకటి. పెరట్లో బస్సులు లేవు.

రంపం చప్పుడుకు టిమ్స్ బయటికి వచ్చాడు. తన పెరట్లో, తన చెట్టు మొదట్లో, ముగ్గురు అపరిచితులు. అటువంటి వేళ ఆ దేశంలో పుట్టి పెరిగిన మనిషి నోట ఏ మాట వస్తుందో ఆ మాటే వచ్చింది.

"సారీ," అన్నాడు.

రంపం ఆగింది. "ఫర్లేదులే పెద్దాయనా," అన్నాడు లెన్ అనే మేస్త్రీ, పెద్దమనసుతో.

"మీ పనికి అడ్డొచ్చానేమో. కాస్త టీ తాగుతారా?"

"ఇస్తే తాగుతాం. నాకు రెండు చెంచాలు పంచదార. వీడికి వెయ్యొద్దు, వీడు అసలే తీపి మనిషి."

టీ ఇవ్వకముందే ఎదుటిమనిషిని ఇదేం పనయ్యా అని నిలదీయడం టిమ్స్ పెరిగిన ఇంట లేదు. టీ ఇచ్చాక మెల్లగా అడుగుదామనుకున్నాడు. నీళ్ళు మరిగి, ఆకు దిగి, బిస్కెట్లు పళ్ళెంలో సర్ది తెచ్చేసరికి చెట్టు నేలమీద ఉంది.

లెన్ ఆ సాయంత్రం సమర్పించిన నివేదిక క్లుప్తతకు నమూనాగా చెప్పదగినది. "ఇంటి యజమాని బయటికి వచ్చి, ఎవరూ అడక్కుండానే క్షమాపణ చెప్పి, టీ ఇచ్చాడు. బిస్కెట్లు బాగున్నాయి. ప్రమాదాలు లేవు."

పక్కింటి గ్లాడిస్ ఓట్లీ గోడమీంచి తొంగిచూసి, ముందు చెట్టును, ఆ తరవాత టిమ్స్‌ను చూసింది. ఆవిడ పట్టణంలో అనుభవజ్ఞురాలు. గ్రంథాలయంలో జారిపడింది, ఈతకొలనులో జారిపడింది, ఈతకొలను మీద ఫిర్యాదు చేయడానికి వెళ్ళిన ఆఫీసులోనూ జారిపడింది. మూడింటికీ పరిహారం అందుకుంది. ఈతకొలను డబ్బుతో కట్టించుకున్న ఆవిడ వంటింటికి 'ఈతకొలను గది' అని వీధంతా పేరు పెట్టింది.

"ఓరి నీ అదృష్టం కూలా! పంట పండింది కదయ్యా క్లారెన్స్!" అంది. "ఫోను తియ్యి. ముందు నడుం నొప్పని చెప్పు."

"నాకు నడుం నొప్పి లేదు గ్లాడిస్."

"రేపటికి వస్తుందిలే. నువ్వు చెప్పడం మొదలుపెట్టు."

"నాకు డబ్బొద్దు. ఎవరో ఒకరు వచ్చి సారీ అంటే చాలు."

గ్లాడిస్ ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. "కొమ్మ గానీ తలమీద పడిందా? పడితే చెప్పు, దానికి రేటు వేరే," అంది.

మర్నాడు టిమ్స్ కోటు వేసుకుని సంఘం ఆఫీసుకు వెళ్ళాడు. నడవాలో ఒక వింత కనిపించింది. మలుపు దగ్గర ఇద్దరు గుమాస్తాలు ఢీకొన్నారు. ఇద్దరి పెదవులూ వణికాయి, ముఖాలు కందాయి. ఒకాయన కష్టంమీద, "మీ ఉనికిని గమనించాను," అన్నాడు. రెండో ఆయన, "నేనూ గమనించాను," అని చెమట తుడుచుకున్నాడు. ఇద్దరూ ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయారు.

సారీ అనడమంటే తప్పు ఒప్పుకోవడం, తప్పు ఒప్పుకోవడమంటే పరిహారానికి తలుపు తెరవడం. ఈ సూక్ష్మాన్ని గ్రహించిన పర్కిస్ గారు సంఘ ఉద్యోగుల నోట ఆ మాటను నిషేధించి, ఆరు వారాల శిక్షణ ఇప్పించారు. పుట్టినప్పటినుంచి కుర్చీ తగిలితే కుర్చీకి సైతం సారీ చెప్పుకునే జాతి అది. శిక్షణలో ముగ్గురు సొమ్మసిల్లారు. ఒకావిడ రాజీనామా చేసి, పోతూ పోతూ అందరికీ సారీ చెప్పి, ఆ కారణంగా పింఛను పోగొట్టుకుంది.

పర్కిస్ గారు టిమ్స్‌ను ఎంతో ఆదరించారు. కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీలో కూర్చోవడంలోని ప్రమాదాల గురించి కరపత్రం చేతికిచ్చారు.

"చెప్పండి టిమ్స్ గారూ. ఫారాలు పచ్చవి కావాలా, గులాబీవా? చెట్టు పోయినందుకు పచ్చది. చెట్టు పోగా మీ మనసుకు కలిగినదానికి గులాబీ. పోయిన నీడకు నీలం. అన్నీ తీసుకోవచ్చు, మొహమాటపడకండి."

"అవేవీ వద్దండి. మీవాళ్ళు పొరపాటున మా ఆవిడ నాటిన చెట్టు కొట్టేశారు. మీ అందరి తరఫునా ఎవరైనా ఒక్క మాట అంటే చాలు."

"ఏ మాట?"

"సారీ అని."

పర్కిస్ గారు లేచి వెళ్ళి కిటికీ మూశారు. "గట్టిగా అనకండి," అన్నారు. "ఇంతకీ మా ఫైలు ప్రకారం ఆ మాట అన్నది మీరు. ముగ్గురు సాక్షులున్నారు. మేము మీమీద చర్య తీసుకోకపోవడం మా మంచితనం."

"అదేదో నోటికి వచ్చింది గానీ..."

"ప్రమాదాలన్నీ అలాగే వస్తాయి టిమ్స్ గారూ," అని పర్కిస్ గారు సానుభూతితో అన్నారు. ఆ సానుభూతి చట్టపరమైనది కాదని ఒక చీటీమీద రాసి ఇచ్చారు.

పరిహారం వద్దనే పౌరుడు ఒకడు పట్టణంలో ఉన్నాడన్న వార్త సంఘంలో కలవరం రేపింది. అడిగేవాడికి ఇచ్చి పంపించవచ్చు. అడగనివాడి కడుపులో ఏముందో ఎవరికి తెలుసు? నష్టాల పట్టికలో అటువంటివాడిని రాయడానికి గడి కూడా లేదు. పర్కిస్ గారు స్వయంగా హెల్మెట్ పెట్టుకుని తొమ్మిదో నంబరు పెరడు తనిఖీకి వచ్చారు. నరికిన మొద్దు కాలికి తగలగలదని చూడగానే తేల్చారు. మొద్దు చుట్టూ కంచె వేయించారు. కంచెకు ఎవరైనా తట్టుకోవచ్చు గనుక దాని పక్కన హెచ్చరిక పలక నాటించారు. పలక చీకట్లో కనిపించదు గనుక దానిమీద దీపం పెట్టించారు. దీపానికి తీగ, తీగకు మరో కంచె. అక్టోబరు రెండో వారానికల్లా టిమ్స్ తన పెరట్లోకి వెళ్ళాలంటే సంఘం పంపే ఒక రక్షకుడు తోడుండాలన్న ఏర్పాటు జరిగింది. ఆ రక్షకుడు మంగళవారాల్లో మాత్రమే వస్తాడు.

"పోనీ మీరైనా అనొచ్చుగా బాబూ," అని మంగళవారం టిమ్స్ ఆయన్ను అడిగాడు.

"నాకు ఇద్దరు పిల్లలండీ," అన్నాడు రక్షకుడు, నేలచూపులు చూస్తూ.

టిమ్స్ చివరికి చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. రెవరెండ్ హంఫ్రీ మెల్లర్ మృదుస్వభావి, శాస్త్రం తెలిసినవాడు. ఆ ఆదివారం ప్రసంగంలో, తప్పు చేసినవాడు తప్పయిందని చెప్పడంకన్నా దేవుడికి ప్రియమైనది మరొకటి లేదన్నాడు. పురపాలక సంఘం పేరు ఎత్తలేదు. వెనక వరసలో పర్కిస్ గారు నోటు పుస్తకంతో కూర్చున్నారు.

ఆయన రాసుకున్నది ప్రసంగం కాదు. ప్రసంగానికి ముందు జరిగిన పాపాల ఒప్పుకోలు ప్రార్థన. అరవైమంది వయోజనులు మోకాళ్ళమీద నిలిచి, ఏకకంఠంతో, సాక్షుల ఎదుట, తాము తప్పులు చేశామని ఒప్పుకున్నారు. ఏ తప్పులో చెప్పలేదు, అంటే దేనికైనా వర్తిస్తుంది. విచారించగా ఇది ప్రతి వారం జరుగుతోందనీ, కొన్ని వందల ఏళ్ళుగా జరుగుతోందనీ తేలింది. పర్కిస్ గారికి ఆ ఆదివారం అన్నం సయించలేదు. సోమవారం ఉదయానికి చర్చి బీమా కంపెనీకి ఉత్తరం చేరింది. సోమవారం మధ్యాహ్నానికి గ్లాడిస్ ఓట్లీ, వారు ఒప్పుకున్నారు గనుక, అరవైమందిమీదా దావా వేసింది.

"నీ మీద కూడా వేశాను క్లారెన్స్, ఏమీ అనుకోకు," అంది గోడమీంచి. "నువ్వూ మోకాళ్ళమీదే ఉన్నావుగా. నువ్వొక్కడివీ లేకపోతే బాగుండదని వకీలు అన్నాడు."

మరుసటి ఆదివారం మెల్లర్ అయ్యగారు కొత్త ప్రార్థన పంచిపెట్టాడు. "ప్రభువా, కొన్ని సంఘటనలు జరిగి ఉండవచ్చునని మా దృష్టికి వచ్చినది. వాటిపట్ల నీకు కలిగియుండగల అసౌకర్యమును గమనించితిమి. బాధ్యత ఏదియు అంగీకరించుట లేదు." భక్తులు ఆమెన్ అనకుండా, ఆమెన్ అన్నట్టు సంతకాలు చేశారు. టిమ్స్ సంతకం చేయలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అయ్యగారూ, ఇలా అయితే ఆయన మాత్రం ఏమని క్షమిస్తాడు?" అని అడిగాడు.

మెల్లర్ అటూ ఇటూ చూశాడు. "మా బిషప్పుగారు వకీలును అడిగి చెబుతామన్నారు," అన్నాడు.

ఈలోగా స్థానిక పత్రికలో, 'ఒక్క మాటకోసం వృద్ధుని నిరీక్షణ' అని ఫొటోతో వార్త వచ్చింది. ఫొటోలో టిమ్స్ కంటే కంచె పెద్దదిగా కనిపించింది. మేలో ఎన్నికలు. మేయర్ గారు పర్కిస్ గారిని పిలిపించి, ఆ ముసలాయనకు ఆ మాటేదో పడేసి వదిలించుకోమన్నారు. సంఘం అత్యవసరంగా సమావేశమై, తొమ్మిది గంటల చర్చ తరవాత ఒక చరిత్రాత్మక తీర్మానం చేసింది. కౌస్లిప్ లేన్, తొమ్మిదో నంబరు ఇంటికి క్షమాపణ చెప్పబడును.

బీమావారి షరతులు నాలుగు. చెప్పే మనిషి సంఘం ఉద్యోగి గానీ, ఉద్యోగికి బంధువు గానీ కారాదు. సంఘంమీద దావా వేసి ఉండరాదు. ఎప్పుడైనా పరిహారం పుచ్చుకున్నవాడూ కారాదు. మూడుసార్లు వెళ్ళినా ఇంట్లో మనిషి దొరక్కపోతే, క్షమాపణ చెప్పినట్టే లెక్కించి ఫైలు శాశ్వతంగా మూసివేయాలి.

ఇందులో అన్యాయం ఏమీ లేదు. అయితే మిక్లింగ్‌హామ్ జనాభా పన్నెండువేలు. కంప్యూటరు మొదట ఉద్యోగులను, వారి బంధువులను తీసివేసింది. తరవాత దావాలు వేసినవారిని తీసివేసింది. పరిహారాలు అందుకున్నవారిని తీసివేసే సమయానికి మేయర్ గారు కూడా పోయారు. తెరమీద ఒక్క పేరు మిగిలింది.

పర్కిస్ గారు పట్టరాని ఆనందంతో టిమ్స్ ఇంటి తలుపు తట్టారు. చేతిలో సీలు వేసిన కవరు, చంకలో పసుపుపచ్చ రక్షణ చొక్కా.

"టిమ్స్ గారూ, అభినందనలు! పట్టణం మొత్తంమీద మచ్చలేని మనిషి మీరొక్కరే. సంఘం తరఫున ఒక పౌరుడికి క్షమాపణ చెప్పే గౌరవం మీకు దక్కింది."

"ఎవరికండీ?"

"పేరు చెప్పకూడదు. అది ఆయన సొంత విషయం, గోప్యత ఉంటుంది. చిరునామా కవర్లో ఉంది."

టిమ్స్ కళ్ళద్దాలు పెట్టుకుని కవరు విప్పాడు. "ఇది మా ఇల్లేనండీ."

"ఆ సంగతి మీకు తెలియకూడదు," అన్నారు పర్కిస్ గారు, కాస్త నొచ్చుకుని.

"అంటే నాకు నేనే..."

"చూడండి. ఆ చిరునామాలో ఉండే ఆయన రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. పెద్దవాడు, పైగా ఒంటరి. మీరు కాదంటే జాబితాలో ఇంకొకరు లేరు. ఆ మాట ఆయనకు ఇక ఎప్పటికీ అందదు. ఆపైన మీ ఇష్టం. నేనేమీ బలవంతపెట్టలేదని ఇక్కడ సంతకం చెయ్యండి."

ఆ ఇంటాయన ఎదురుచూపు ఎలాంటిదో ఆయనకు బాగా తెలుసు. అలాంటి మనిషిని నిరాశపరచడానికి టిమ్స్‌కు మనసొప్పలేదు. "సరేనండి," అని చొక్కా అందుకున్నాడు.

సోమవారం పదకొండు గంటలకు మొదటి ప్రయత్నం. టిమ్స్ ఉదయమే గడ్డం గీసుకున్నాడు. హెస్టర్‌కు నచ్చిన టై కట్టుకుని, దానిమీద పసుపుపచ్చ చొక్కా, తలమీద హెల్మెట్ పెట్టుకుని, వంటింటి తలుపు తెరిచి, ఈ పనికని సంఘం ఇచ్చిన ప్రత్యేక అనుమతితో కంచెల పక్కగా ఒదిగి, పెరటి గోడ తలుపు దాటి, ఇల్లు చుట్టి, ముందు గేటు తీసి లోపలికి నడిచాడు. నిబంధన ప్రకారం గడపకు రెండు మీటర్ల ఎడం పాటించి, కర్రతో గంట నొక్కి వెనక్కి జరిగాడు.

లోపల గంట మోగడం వినిపించింది. ఆ మాటను పెదవులమీద సిద్ధంగా ఉంచుకున్నాడు. నిజంగా అనాలనే, మనసారా అనాలనే వచ్చాడు. చెవి రిక్కించాడు. అడుగుల చప్పుడు లేదు. నియమం ప్రకారం మూడు నిమిషాలు ఆగాలి. ఆయన నాలుగు ఆగాడు.

"ఎవరూ లేరా?" అంది గ్లాడిస్ తన కిటికీలోంచి.

"లేనట్టున్నారు."

"పాపం. మళ్ళీ రా."

టిమ్స్ జేబులోంచి సంఘం అచ్చువేసిన కార్డు తీసి, గుండ్రటి అక్షరాలతో ఖాళీలు నింపాడు. 'మీకు ఒక మాట చెప్పడానికి వచ్చితిమి. మీరు ఇంట లేరు. ఇది మొదటి ప్రయత్నము.' దానిని ఉత్తరాల సందులోంచి లోపలికి జారవిడిచి, గేటు చప్పుడు కాకుండా మూసి, ఇల్లు చుట్టి వెనక తలుపులోంచి లోపలికి వచ్చాడు. హెల్మెట్ విప్పి, టీకి నీళ్ళు పెట్టి, ముందు గదిలోకి వెళ్ళాడు.

గుమ్మం లోపల కాళ్ళు తుడుచుకునే పట్టా మీద కార్డు పడి ఉంది. మెల్లగా వంగి తీసుకున్నాడు. కళ్ళద్దాలు వెతుక్కుని, కుర్చీలో కూర్చుని, మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. గురువారం ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు నడుమ మళ్ళీ వస్తామని ఉంది.

గురువారం ఏం జరిగినా సరే ఇల్లు కదలకూడదని టిమ్స్ గట్టిగా నిశ్చయించుకున్నాడు.